కాన్పు తర్వాత గర్భనిరోధకం: అడ్డు ఎక్కడ పడుతోంది?

కౌన్సెలింగ్_బల్ల: ఇప్పుడప్పుడే ఇంకో గర్భం వద్దని తల్లులే అంటారు, కానీ ఏ పద్ధతీ మొదలుపెట్టరు. కాన్పయ్యాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ మధ్యలో ఏం జరుగుతోంది?

పాలధార: ఎక్కువమంది ఆగేది ఒక్క మాట దగ్గర: "ఇంకా నెలసరి రాలేదు కదా." అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత వస్తుంది. అందుకే నెలసరి చూడకుండానే గర్భం నిలవచ్చు. పాలివ్వని తల్లికి 21వ రోజు దాటితే రక్షణ అవసరం.

పాలిస్తే గర్భం రాదన్నది సగం నిజం. బిడ్డకు 6 నెలలు నిండకూడదు, నెలసరి మొదలవకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. ఈ మూడూ ఉంటే 98 శాతం పైగా రక్షణ. పగలు 4 గంటలు, రాత్రి 6 గంటలకు మించి ఎడం ఇవ్వకూడదు. డబ్బాపాలు అలవాటు చేసిన రోజే వేరే పద్ధతి చేతిలో ఉండాలి. అక్కడే చాలామంది జారిపోతారు.

కాన్పుగది: నా లెక్కలో అసలు అడ్డు అడిగే సమయం. గర్భసంచిలో అమర్చే కాపర్ టి మాయ పడ్డ 10 నిమిషాల్లో వేయొచ్చు, లేదా 48 గంటల్లోపు. అది దాటితే 4 వారాలు ఆగాలి. నొప్పులు పడుతున్న మనిషిని అప్పుడు అడిగి తలూపించుకుంటే దాన్ని ఒప్పుకోలు అనరు. ఏడో నెలలోనే మాట్లాడి, ఆమె నిర్ణయాన్ని కేసు షీటులో రాసిపెట్టాలి.

కాన్పు వెంటనే వేసినవి జారిపోయే అవకాశం తర్వాత వేసినవాటికన్నా ఎక్కువ. గర్భసంచి పైకప్పు దాకా చేర్చకపోతే మరీనూ. 4-6 వారాలకు చూపించుకోవాలి. కాపర్ టికి ఉండే దారం కనబడకపోతే అది ఊడిపోయిందని తేల్చేయొద్దు, పైకి ముడుచుకుని ఉండొచ్చు. స్కాన్ తీస్తే తెలుస్తుంది. అంతవరకూ కండోమ్.

మాత్రల_డబ్బా: మాత్రలతో పాలు ఎండిపోతాయన్న భయం అన్ని మాత్రలకూ అంటగట్టేశారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కలిసినవి పాలిచ్చే తల్లికి తొలి 6 వారాలు అసలు వద్దు, 6 నెలల దాకా మామూలుగా ఇవ్వరు. పాలివ్వకపోయినా తొలి 3 వారాలు కుదరవు, రక్తం గడ్డకట్టే ముప్పు. ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మాత్రమే ఉన్నవి పాలిస్తూ వాడుకోవచ్చు. చిక్కల్లా వేళ తప్పడంతోనే: ఈ ప్రొజెస్టిన్ మాత్రల్లో పాత రకానికి 3 గంటల ఆలస్యమే హద్దు, డెసోజెస్ట్రెల్ అనే కొత్త రకానికి 12 గంటలు. రాత్రంతా బిడ్డతో మేలుకునే తల్లికి ఏది నప్పుతుందో మీరే చెప్పండి.

కౌన్సెలింగ్_బల్ల: మొదలుపెట్టి మానేసేవాళ్ల సంగతి?

సూదిమందు: ముందు చెప్పకపోవడమే. 3 నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్‌తో మొదట్లో చుక్కలుచుక్కలుగా రక్తం కనబడుతుంది, వాడగా వాడగా నెలసరి ఆగిపోవచ్చు. ఇది తెలియని మనిషి రెండో డోసుకు రాదు. ఇంజెక్షన్ మానాక గర్భం రావడానికి నెలలు పట్టొచ్చనీ చెప్పాలి, ఏడాదిలోపే ఇంకో బిడ్డ కావాలనుకునేవారికి అది నప్పదు.

పాలధార: ఇంట్లో నిర్ణయం ఎవరిదన్నదీ చూడాలి. భర్త, అత్తగారు వద్దంటే ఎంత తెలిసినా లాభం లేదు. భర్తను కూర్చోబెట్టి మాట్లాడినా, తల్లిని ఒంటరిగా ఓసారి అడగాలి. ఆమెకు బలవంతం ఉంటే అప్పుడే బయటపడుతుంది.

భర్త వేసెక్టమీకి (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) ఒప్పుకున్నా మరునాటి నుంచి నిశ్చింత అనుకోవద్దు. 3 నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే. పాలిచ్చే రోజుల్లో యోని పొడిబారుతుంది, నొప్పి వల్ల కండోమ్ మానేస్తారు. నీటి ఆధారిత జెల్ వాడాలి, నూనె రాస్తే రబ్బరు చిరుగుతుంది.

కాన్పుగది: ఇంకొకటి. తల్లి తన పరీక్షకు రాకపోవచ్చు కానీ బిడ్డ టీకాకు తప్పక వస్తుంది. ఆ గదిలోనే మూడు ప్రశ్నలు: నెలసరి వచ్చిందా, బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమైనా పట్టిస్తున్నారా, భార్యాభర్తలు కలిశారా. ఆ జవాబులను బట్టి అదే రోజు పద్ధతి ఇచ్చి పంపాలి. "నెలసరి వచ్చాక రా" అంటే మళ్లీ వచ్చేది గర్భంతోనే.