మెడికల్ స్కూలుకు వెళ్లాలంటే డిగ్రీలో బయాలజీయే చదవాలా?

న్యూజెర్సీ తల్లి:

మా అమ్మాయి ఆగస్టులో కాలేజీలో చేరబోతోంది. డాక్టరు కావాలని గట్టిగా నిశ్చయించుకుంది కానీ, డిగ్రీలో మాత్రం ఎకనామిక్స్ మేజర్‌గా, అంటే ప్రధాన విషయంగా, తీసుకుంటానంటోంది. బైపీసీ తీసుకుంటే మెడిసిన్, ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ అన్న విభజనలో చదువుకున్న మాకు ఇది కొరుకుడు పడడం లేదు. మాకు గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, అమ్మాయి హెచ్-4 మీద, అంటే వర్కు వీసా ఉన్నవారి పిల్లలకు ఇచ్చే వీసా మీద ఉంది. తెలిసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఒహాయో తండ్రి:

నా అభిప్రాయం బయాలజీ వైపే. ఫలానా మేజర్ ఉండాలని మెడికల్ స్కూళ్లు నిబంధన పెట్టవన్నది నిజమే. అయితే చాలా స్కూళ్లు బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులను ల్యాబ్‌లతో సహా కోరతాయి, వాటిపైన బయోకెమిస్ట్రీ కూడా అడుగుతాయి. బయాలజీ విద్యార్థికి ఇవన్నీ దాదాపుగా మేజర్‌లోనే ఇమిడిపోతాయి. ఎకనామిక్స్ విద్యార్థి రెండు చదువులను ఒకేసారి నెట్టుకురావాలి. అప్పుడు ఆసుపత్రిలో వాలంటీరు పనికి, రీసెర్చికి సమయం ఎక్కడ మిగులుతుంది?

చరిత్ర చదివిన రెసిడెంటు:

నేను డిగ్రీలో చరిత్ర చదివి, ప్రస్తుతం ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తున్నాను. ఒహాయో మిత్రులు చెప్పిన భారం నిజమే, కానీ అంతమాత్రాన బయాలజీయే మేలని తేల్చడం సరికాదని నా అభిప్రాయం. అమెరికా వైద్య కళాశాలల సంఘమైన ఏఏఎంసీ ఏటా మేజర్ల వారీగా లెక్కలు ప్రకటిస్తుంది. దరఖాస్తు చేసేవారిలో సగానికి పైగా జీవశాస్త్రాల వారే. అయినా చరిత్ర, సాహిత్యం వంటి హ్యుమానిటీస్ చదివి దరఖాస్తు చేసినవారిలో సీటు దొరికినవారి శాతం వారికంటే తక్కువగా ఉండడం లేదు. ఈ అంకెను చూసి హ్యుమానిటీస్ చదివితే సీటు ఖాయమనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే ఆ దారిలో చివరిదాకా నిలిచినవారు మాత్రమే ఈ లెక్కలోకి వస్తారు.

న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల 1987లో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, హ్యుమానిటీస్ విద్యార్థులను మెడికల్ ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్ లేకుండా, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సుల నిబంధన లేకుండా చేర్చుకుంది. వారి ఫలితాలపై 2010లో వెలువడిన అధ్యయనం, డాక్టరు లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1లో వారి సగటు మార్కు కొంత తక్కువే అయినా, మొత్తం మీద వైద్యవిద్యలో వారు తోటివారికి తీసిపోలేదని తేల్చింది. 2015 నుంచి ఎంక్యాట్‌లోని నాలుగు విభాగాల్లో ఒకటి మనస్తత్వ, సామాజిక శాస్త్రాలకు కేటాయించారు, మరొకటి పూర్తిగా చదివి అర్థం చేసుకునే శక్తికి సంబంధించినది.

అసలు జాగ్రత్తపడవలసింది జీపీఏ, అంటే గ్రేడుల సగటు విషయంలో. దరఖాస్తులో మొత్తం జీపీఏతో పాటు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితాల జీపీఏను విడిగా లెక్కకడతారు. ఒక కోర్సులో సీ గ్రేడు వచ్చాక మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా, ఆ రెండు గ్రేడులూ లెక్కలో ఉంటాయి. ఇష్టంలేని మేజర్‌లో నాలుగేళ్లపాటు మంచి గ్రేడులు నిలుపుకోవడం ఎంత కష్టమో పిల్లలకే తెలుస్తుంది, కాబట్టి అమ్మాయి మాటకు విలువ ఇవ్వండి.

టెక్సాస్ ఇంజనీరు:

పై ఇద్దరూ వీసా సంగతి ప్రస్తావించలేదు. ఈ కుటుంబానికి అన్నిటికన్నా ముఖ్యం అదేనని నా నమ్మకం. 2023లో అమెరికాలో తొలి వైద్య డిగ్రీ అయిన ఎండీ ఇచ్చే స్కూళ్లకు 52 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే, చేరినవారు దాదాపు 23 వేల మంది. అంటే సగానికి పైగా విద్యార్థులకు ఆ ఏడాది ఇంకో దారి కావాలి. పౌరులు ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించగలరు. హెచ్-4 మాత్రం 21 ఏళ్లు నిండగానే ముగుస్తుంది, ఆపైన విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. డిగ్రీ తర్వాత ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, పన్నెండు నెలలే. మేజర్ ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. దానికి తోడు చాలా ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారిని మాత్రమే తీసుకుంటాయి. వీసా మీద ఉన్నవారికి ఫెడరల్ రుణాలు రావు. కొన్ని ప్రైవేటు స్కూళ్లు నాలుగేళ్ల ఖర్చును ముందే జమ చేయమంటాయి.

కాబట్టి మేజర్ పేరుకన్నా అది స్టెమ్ అవునా కాదా అన్నది ముందు చూడండి. డిగ్రీల ప్రభుత్వ వర్గీకరణలో ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ కింద నమోదైన డిగ్రీ స్టెమ్ అవుతుంది, మామూలు ఎకనామిక్స్ కోడ్ కాదు. ఏ కోడ్ వర్తిస్తుందో డిపార్ట్‌మెంటును రాతపూర్వకంగా అడగండి.

ఒహాయో తండ్రి:

బయాలజీ ఎలాగూ స్టెమ్ కదండీ. పైగా ఓపీటీలో చేసే పనికి మేజర్‌తో నేరుగా సంబంధం ఉండాలి. బయాలజీ చదివినవారు ల్యాబ్‌లోనో, డాక్టరు దగ్గర నోట్సు రాసే స్క్రైబ్‌గానో చేరితే ఆ ఏడాది దరఖాస్తుకూ పనికొస్తుంది. ఎకనామిక్స్ వారు ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

టెక్సాస్ ఇంజనీరు:

ఆ మాట ఒప్పుకుంటాను. కానీ సీటు ఎన్నటికీ రాకపోతే, డేటా విశ్లేషణ తెలిసిన అమ్మాయికి హెచ్-1బీ వర్కు వీసా స్పాన్సర్ చేసే యజమాని దొరికే అవకాశం ఎక్కువ.

న్యూజెర్సీ తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. మేజర్ ఖరారు చేయడానికి రెండో ఏడాది వరకు గడువు ఉందట. మొదటి సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీ, కాలిక్యులస్ తీసుకుంటే రెండు దారులూ మూసుకుపోవని అమ్మాయి అంటోంది. కోడ్ గురించి ఈరోజే డిపార్ట్‌మెంటుకు మెయిల్ రాశాము. హెచ్-4 పిల్లలను చేర్చుకున్న ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు మీకు తెలిసి ఉంటే దయచేసి రాయండి.