తొలిసారి క్యాంపింగ్ టార్ప్ కుట్టబోతున్నాను: గుడ్డ, అతుకు, మూలల గురించి సలహా కావాలి

ప్రశ్న: కొండదారి

నమస్కారమండి. శీతాకాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లి గుడారాల్లో రాత్రి గడిపే అలవాటు మా మిత్రబృందానికి ఉంది. గుడారం మంచుకు తడవకుండా పైన కట్టుకోవడానికీ, పగలు నీడకూ పనికొచ్చేలా పదడుగుల చదరపు టార్ప్ ఒకటి ఇంట్లోనే కుట్టాలనుకుంటున్నాను. మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే పాత మిషన్. సాదా కుట్టు తప్ప జిగ్‌జాగ్ వేయదు. ఇంతవరకు నేను కుట్టినవి దిండు గలీబులు, చేతి సంచులే. పారాచూట్ గుడ్డ సరిపోతుందా? ఈ మిషన్ చాలుతుందా? మూలలకు ఇనుప రింగులు కొట్టించాలా?

జవాబు: కుట్టుపెట్టె

మీ మిషన్ చాలండి. టార్ప్‌లో జిగ్‌జాగ్ తప్పనిసరి అయ్యే చోటు ఒక్కటీ లేదు. ఆలోచించవలసింది గుడ్డ గురించి, మధ్యలో వచ్చే అతుకు గురించి.

పారాచూట్ గుడ్డ పేరుతో అమ్మే వాటన్నిటికీ నీరు ఆపే పూత ఉండదు. కొనే ముందు గుడ్డను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. గాలి అవతలికి వెళ్తే నీరూ వెళ్తుంది. గాలి ఆడకపోతే చిన్న ముక్క అడిగి తెచ్చుకొని, గిన్నె మూతికి రబ్బరు బ్యాండుతో బిగించి, మధ్యలో గుంట చేసి నీళ్లు పోసి, గంట తర్వాత అడుగున తడి తగులుతుందేమో చూడండి. నైలాన్ తేమను పీల్చి సాగుతుంది కాబట్టి సాయంత్రం బిగించి కట్టినది తెల్లారేసరికి వేలాడుతుంది. పాలిస్టర్‌లో ఆ బాధ చాలా తక్కువ, ఎండకు కూడా నైలాన్ కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. నా ఓటు పూత వేసిన రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా మధ్యమధ్య మందపు దారాలతో గళ్లుగా నేసిన) పాలిస్టర్‌కే.

గుడ్డ పన్నా 58–60 అంగుళాలు ఉంటే, మూడేసి మీటర్ల ముక్కలు రెండు తీసుకొని పొడవు అంచులను అతకాలి. ఆ అతుకే టార్ప్‌కు వెన్ను అవుతుంది. జీన్సు ప్యాంటు కాలికి ఉండే మడత కుట్టునే ఇక్కడా వేయాలి. రెండు ముక్కల పైవైపులు ఎదురెదురుగా ఉండేలా పరిచి, కింది ముక్క అంచు ఒక సెంటీమీటరు బయటికి వచ్చేలా జరిపి, పై ముక్క అంచుకు ఒక సెంటీమీటరు లోపల మొదటి కుట్టు వేయండి. బయటికి వచ్చిన అంచును పొట్టి అంచు మీదికి మడిచి, గుడ్డ విప్పి, ఆ మడతను ఒక పక్కకు పడుకోబెట్టి, దాని అంచును ఆనుకొని రెండో కుట్టు వేయండి. ఇస్త్రీ పెట్టెతో పూత పాడవుతుంది కాబట్టి మడతను గోటితో గీసి నిలపండి.

సూది 11 లేదా 12 నంబరు కొత్తది, దారం పాలిస్టర్‌ది వాడండి. నూలు దారం తడికి కుళ్లిపోతుంది. అంగుళానికి ఎనిమిది కుట్లకు మించవద్దు. కుట్లు దగ్గరైతే గుడ్డ తపాలా బిళ్ల అంచులా అక్కడే చిరుగుతుంది. గుండుసూది గుచ్చిన రంధ్రం మళ్లీ పూడదు. బట్టల క్లిప్పులు పెట్టండి. పూత గుడ్డ ఫుట్ కింద జారుతుంది. ముందూ వెనకా రెండు చేతులతో చదునుగా పట్టుకోండి, లాగవద్దు. దారం బిగువు ఎంత ఉండాలో ముందు వ్యర్థపు ముక్కల మీద తేల్చుకోండి.

మూలల్లో ఇనుప రింగులు వద్దు. గాలి లాగినప్పుడు పలుచని గుడ్డ రింగు చుట్టూ పీలిపోతుంది. అరచేతి వెడల్పు ముక్కను మూలలో అదనంగా అతికి, అంచును రెండు మడతలు వేసి కుట్టాక, సన్నని నవారు ముక్కను ఉచ్చులా మడిచి, దాని మీద ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు మిషన్ నడపండి. నాలుగు మూలలు, వెన్ను రెండు కొనలు, మిగిలిన రెండు పక్కల మధ్యలు, మొత్తం ఎనిమిది ఉచ్చులు. పక్కలను వంపుగా కత్తిరిస్తే టార్ప్ ఇంకా బిగుతుగా నిలుస్తుంది గాని, మొదటిదానికి ఆ శ్రమ అనవసరమని నా అభిప్రాయం.

జవాబు: పొలంగట్టు

ఇంత శ్రమ దేనికండి? ధాన్యం ఆరబోసే బరకానికి రింగులు ముందే ఉంటాయి, వానకూ ఓర్చుకుంటుంది.

జవాబు: కుట్టుపెట్టె

కారులో వెళ్లేవారికి మీ మాట నిజమే. చదరపు మీటరుకు 200 గ్రాముల బరకమైతే తొమ్మిది చదరపు మీటర్లకు 1.8 కిలోలు తూగుతుంది. 70 గ్రాముల పాలిస్టరైతే 630 గ్రాములే. భుజాన మోసేవారికి ఆ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

జవాబు: వానచినుకు

అతుకు గురించి ఒక మాట కలుపుతాను. ఎంత బాగా కుట్టినా సూది రంధ్రాల గుండా నీరు దిగుతుంది కాబట్టి పైనుంచి సీలెంట్ పూయాలి. ఏది పూయాలన్నది గుడ్డ పూతను బట్టి ఉంటుంది. సిలికాన్ పూతకు సిలికాన్ తప్ప మరేదీ అంటుకోదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పారదర్శక సిలికాన్‌ను మినరల్ టర్పెంటైన్‌తో పలుచన చేసి, కిటికీలు తెరిచి, దగ్గర మంట లేకుండా చూసుకొని, సన్నని కుంచెతో కుట్టు మీద రాయండి; బాగా ఆరాక టాల్కం పౌడరు చల్లితే మడతలు ఒకదానికొకటి అంటుకోవు. పాలియురేథేన్ పూత ఉన్న గుడ్డకు మాత్రం ఆ రకానికి చెందిన సీలెంట్ లేదా టేపు వాడాలి. అమ్మేవారిని పూత ఏదో అడిగి తెలుసుకోకుండా కొనవద్దు.

సీలెంట్‌కు ముందే టార్ప్‌ను పెరట్లోనో మేడ మీదో కట్టి, ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. నీరు నిలిచే చోట వాలు పెంచాలా, ఇంకొక ఉచ్చు కుట్టాలా అన్నది అప్పుడే తేలుతుంది. సిలికాన్ పూశాక అదే చోట కొత్త ముక్క అతకడం కష్టం.