అరవై దాటాక వాకింగ్‌తో ధైర్యం వస్తుందా, ధైర్యం ఉన్నవాళ్లే వాకింగ్‌కి వెళ్తారా?

పెద్దకూతురు: మా అమ్మకి 68. నాన్న పోయిన రెండేళ్ల నుంచీ గడప దాటడం లేదు. పార్కుకి తీసుకెళ్తానని నేనంటే, కాలు జారి తుంటి ఎముక విరిగితే ఎవరు చూస్తారు, ఇంట్లో పని చాలదా అంటాడు మా తమ్ముడు. నడిస్తే మనసు కుదుటపడుతుందంటారు, నిజమేనా?

కూకట్‌పల్లి కామేశం: మీ తమ్ముడిదే రైటు. మా అమ్మ ఒక్కరోజు వాకింగ్ చేసి ఎరగదు. ముగ్గురు పిల్లల్నీ రెండెకరాల పొలాన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. అయినా దిగులుగా ఉన్నవాళ్లు మంచం దిగరు, హుషారున్నవాళ్లే పార్కులో కనిపిస్తారు. వాళ్లని చూపించి నడక మహిమ అంటే ఎలా?

మోకాళ్ల ఫిజియో: రెండెకరాల్లో నాట్లు, కలుపు... అది వ్యాయామం కాక ఏమిటండీ! మీ చివరి మాట మాత్రం కొట్టిపారేయలేం. దిగులు కదలనివ్వదు, కదలకపోతే దిగులు పెరుగుతుంది. అయితే కొందరికి వ్యాయామం చేయించి, కొందరికి చేయించకుండా పోల్చిన పరిశోధనల్లోనూ పెద్దవాళ్లకి దిగులు కొంత తగ్గింది. కొంతే. ఇక పడతారన్న భయం. మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడతాయి, కూర్చోబెడితే ఇంకా బలహీనపడతాయి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలని, మూడు రోజులైనా బ్యాలెన్స్, కండబలం పెంచేవి చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఉత్త నడక చాలదు. నేను మొదట చేయించేది చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. కొన్ని వారాలకి, "బాత్రూమ్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నానమ్మా" అంటారు. అప్పుడు వాళ్ల గొంతే వేరుగా ఉంటుంది.

రిటైర్డ్ టీచరమ్మ: నాకు 71. పార్కుకి మొదటిసారి వెళ్లింది కోడలి మీద అలిగి! చీర మీద బూట్లేంటని అపార్ట్‌మెంట్‌లో నవ్వారు. నాకు ధైర్యమిచ్చింది నడకో, బెంచీ దగ్గర ఎదురుచూసే నలుగురో చెప్పలేను. మా ఆయన ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ క్యారియర్ తెచ్చింది వాళ్లే. ఇంకోటి, చిలుకూరులో మొక్కు తీరిందని 108 ప్రదక్షిణలు చేసొచ్చిన మా వదినే లిఫ్ట్ పాడైతే మొదటి అంతస్తు ఎక్కలేనంటుంది. లోపం కాళ్లలో ఉందంటారా?

కూకట్‌పల్లి కామేశం: అదే నేననేది టీచర్ గారూ. స్నేహాలు చేసిన మేలు నడక ఖాతాలో వేస్తున్నారు. ఇప్పుడెవరో మాన్ కౌర్ గారి పేరు తెస్తారు. 93వ ఏట పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లాండ్‌లో 101 ఏళ్ల వయసులో 100 మీటర్లు గెలిచారని. పక్కన ఉండి పరిగెత్తించిన కొడుకు ఉండేవాడావిడకి. అలాంటి కొడుకు ఎంతమందికి ఉంటాడు?

మోకాళ్ల ఫిజియో: కూతురుందిగా, పైన ప్రశ్న అడిగింది!

పెద్దకూతురు: తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. కుర్చీ ఎక్సర్‌సైజ్ తనే చేయిస్తాడట, పార్కు మాత్రం వద్దట. అమ్మ పక్కనే కూర్చుని వింది. పార్కులో బాత్రూమ్ ఉంటుందా అని మాత్రం అడిగింది. టీచర్ గారూ, మీ పార్కులో ఉందా?