ఆటోరిమూవ్ చూపించే జాబితాను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న:
నేను డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. ప్యాకేజీలను (ప్రోగ్రామ్‌లను, వాటి భాగాలను) ఇన్‌స్టాల్ చేసే, తొలగించే ఆప్ట్ అనే సాధనంలోని రిమూవ్ కమాండ్‌తో ఒక వీడియో ఎడిటర్‌ను తొలగించగా, 43 ప్యాకేజీలు ఇక అవసరం లేదని, వాటిని ఆటోరిమూవ్‌తో తీసివేయవచ్చని సందేశం వచ్చింది. వాటిలో ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ (ఫూరియర్ లెక్కల కోసం ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) కూడా ఉంది. సోర్సు నుంచి నేనే కంపైల్ చేసుకున్న ధ్వని విశ్లేషణ ప్రోగ్రామ్‌కు ఆ లైబ్రరీ తప్పనిసరి. కంపైల్ పూర్తయ్యాక, కంపైల్ చేయడానికే కావలసిన దాని డెవ్ ప్యాకేజీని మాత్రం తొలగించాను. రోజూ వాడుతున్న లైబ్రరీని అనవసరమని ఎందుకు చూపిస్తోంది?

జవాబు 1:
మీరు పేరు చెప్పి ఇన్‌స్టాల్ చేసినదాన్ని ఆప్ట్ ‘మాన్యువల్’ అనీ, దాని కోసం వెంట వచ్చినవాటిని ‘ఆటో’ అనీ గుర్తు పెట్టుకుంటుంది. ఆటో గుర్తు ఉన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ అయి ఉన్న మరే ప్యాకేజీ కోరకపోతే, కనీసం సిఫారసు గానీ సూచన గానీ చేయకపోతే, అది తొలగింపు జాబితాలోకి వస్తుంది. మీ ప్రోగ్రామ్ ప్యాకేజీగా రాలేదు కాబట్టి ఆప్ట్ లెక్కలో అది లేనే లేదు. డెవ్ ప్యాకేజీని ఉంచి ఉంటే, అది ఆ లైబ్రరీని పట్టి నిలిపేది.

ముందుగా మీ ప్రోగ్రామ్ ఫైలు మీద ఎల్‌డీడీ కమాండ్ నడిపి, అది కోరే లైబ్రరీ ఫైళ్లను చూడండి. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో డీపీకేజీ కమాండ్‌కు పెద్ద ‘ఎస్’ ఆప్షన్ ఇస్తే తెలుస్తుంది. ఆ ప్యాకేజీలకు ఆప్ట్-మార్క్ మాన్యువల్ పెట్టి, ఆ తరువాత ఆటోరిమూవ్‌ను సిమ్యులేట్ ఆప్షన్‌తో నడపండి. అప్పుడు ఏదీ నిజంగా తొలగిపోదు, జాబితా మాత్రమే కనిపిస్తుంది. భయపడి 43కూ మాన్యువల్ గుర్తు పెట్టవద్దని నా మనవి, ఎందుకంటే ఆ తరువాత అవి ఎప్పటికీ వాటంతట అవి ఆ జాబితాలోకి రావు.

జవాబు 2:
ఆ జాబితాను చివరి వరకు చదవండి. నేను ఒకసారి చదవకుండానే సరే అన్నాను, దాంతో నెట్ కనెక్షన్‌ను నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ కూడా తొలగిపోయి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఏమేం పోయాయో ఆప్ట్ లాగ్ ఫోల్డర్‌లోని హిస్టరీ ఫైలులో తేదీతో సహా ఉంటుంది. దాన్ని చూసి, మరో కంప్యూటర్‌లో డెబ్ ఫైళ్లు (డెబియన్ ప్యాకేజీ ఫైళ్లు) దించుకుని, పెన్‌డ్రైవ్‌తో తెచ్చి డీపీకేజీతో తిరిగి పెట్టుకోవలసి వచ్చింది. ఆటోరిమూవ్‌కు పర్జ్ ఆప్షన్ జోడిస్తే సిస్టమ్ సెట్టింగుల ఫైళ్లు కూడా పోతాయి కనుక, మొదటిసారి అది లేకుండానే నడపండి.

జవాబు 3:
ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఆప్ట్‌కు బదులు ఉండే డీఎన్‌ఎఫ్ మామూలుగా ప్రోగ్రామ్‌తోపాటే దాని వెంట వచ్చినవాటినీ తొలగిస్తుంది. అక్కడ తొలగించే ముందే జాబితా చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఎల్‌డీడీ చూపినవాటిలో ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూతోపాటు మరో రెండు లైబ్రరీలు ఆ 43లోనే ఉన్నాయి. ఆ మూడింటికీ మాన్యువల్ గుర్తు పెట్టి, మిగిలిన 40 తొలగించాను. ప్రోగ్రామ్ చక్కగా పనిచేస్తోంది.