అమ్మ కళ్ళ కింద నీటి బుడిపెలు, ఎండలు ముదిరితే ఎక్కువవుతున్నాయి

ఆత్రేయపురం అమ్మాయి:
మా అమ్మ ఇరవై ఏళ్ళుగా పూతరేకులకి రేకులు తీస్తోందండి. బోర్లించిన కుండ కింద మంట, జావలో ముంచిన గుడ్డ కుండ మీద అలా లాగితే రేకు లేస్తుంది, ముఖం మాత్రం పొద్దుటి నుంచీ ఆ సెగకే. రెండేళ్ళుగా కళ్ళ కింద ఆవగింజంత బుడిపెలు, పదో పన్నెండో ఉంటాయి. నొప్పి లేదు, దురద లేదు, దగ్గరగా చూస్తే లేత నీలంగా, లోపల నీరున్నట్టు మెరుస్తాయి. సంక్రాంతికి దాదాపు కనపడవు, రోహిణీ కార్తెకి మళ్ళీ నిండుతాయి. ఒకటి సూదితో గుచ్చుకుంది, తేటనీళ్ళు వచ్చాయి, కొన్నాళ్ళకే మళ్ళీ లేచింది. పులిపిర్లే, సున్నం పెట్టమంటోంది పక్కింటావిడ. కేన్సరేమోనని అమ్మకి టెన్షన్.

కాకినాడ స్కిన్ డాక్టర్:
కంటి దగ్గర సున్నం పెట్టనివ్వకమ్మా, కన్ను దెబ్బతింటుంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, చలికి తగ్గి వేడికి పెరుగుతున్నాయంటే ఎక్రైన్ హైడ్రోసిస్టోమా అనిపిస్తోంది. చెమట గ్రంథి నాళం మూసుకుపోయి చెమట లోపలే నిలిచి సంచిలా ఉబ్బుతుంది. కేన్సర్ కాదు, అంటుకోదు. గుచ్చితే నీరు పోతుంది గానీ సంచి గోడ అలాగే ఉంటుంది, అందుకే మళ్ళీ నిండింది. 1893లో రాబిన్సన్ అనే డాక్టర్ దీని గురించి రాసింది కూడా వేడి వంటిళ్ళలో పనిచేసే ఆడవాళ్ళని చూసే.

భీమవరం:
మా నాన్నగారికి రెప్ప అంచున ఒక్కటే వచ్చింది, బఠాణీ గింజంత, నీలంగా. అపోక్రైన్ రకం, అంటే ఇంకో రకం చెమట గ్రంథి నుంచి వచ్చేది అన్నారు. మత్తు సూది వేసి మొత్తం తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు, తీరా చూస్తే ఏమీ లేదు. మీరూ ఒకసారి చూపించండి, అమ్మగారు నిద్రపోతారు.

ఆత్రేయపురం అమ్మాయి:
చాలా థాంక్సండి. మందుతో పోతాయా? ఫ్యాన్ పెడదామంటే మంట చెదిరిపోతుంది, రేకు చిరిగిపోతుంది.

కాకినాడ స్కిన్ డాక్టర్:
చెమట తగ్గించే అట్రోపిన్ పూత, బొటాక్స్ సూదులు ఉన్నాయి, ఆపితే చాలామందికి తిరిగొస్తాయి. అట్రోపిన్ పూతకి నోరెండడం, చూపు మసకబారడం ఉంటాయి, సొంతంగా కొని రాయకండి. లేజరుతోనో కరెంటు సూదితోనో కాల్చవచ్చు, కాకపోతే పదీ పన్నెండూ అంటే మచ్చల సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఒకటి గట్టిపడినా, రక్తం కారినా, చలికాలంలోనూ పెరుగుతున్నా వెంటనే చూపించాలి. ఫ్యాన్ కుదరకపోతే పని తెల్లవారుజామున కొంత, సాయంత్రం కొంత చేసుకోమను, మధ్యలో లేచి చన్నీళ్ళతో ముఖం కడుక్కోమను. వేడి తగ్గితే చాలావరకు అవే అణుగుతాయి.