మధ్యలో ఆపేసిన స్టడీకి క్రెడిట్ ఇస్తారా?
అందరికీ నమస్కారం. మా సైకాలజీ కోర్సులో పరిశోధనల్లో పాల్గొంటే క్రెడిట్ ఇస్తారు. నిన్న ఒక స్టడీలో బాధపెట్టిన జ్ఞాపకం గురించి రాయమన్నారు. ఈమధ్యే ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నాను, చేయి ఆడలేదు. పది నిమిషాలకే చెప్పి బయటికి వచ్చేశాను. సంతకం పెట్టిన సమ్మతి పత్రంలో ఎప్పుడైనా మానుకోవచ్చు, నష్టం ఉండదు అని స్పష్టంగా ఉంది. అయినా నా పేరు పక్కన 'హాజరు కాలేదు' అని పడింది. ఇంకోసారి అలా పడితే వేరే స్టడీలకు చేరనివ్వరట, అదే టెన్షన్.

ముందు ఎవరికి రాయాలి? పరిశోధకులకా, కోర్సు టీచర్‌కా, ఎథిక్స్ కమిటీకా? కమిటీ దాకా వెళ్తే స్టడీ చేయించిన విద్యార్థినికి ఇబ్బంది అవుతుందేమో. తను చాలా మర్యాదగా మాట్లాడింది. స్టడీలకు బదులు వ్యాసం రాసివ్వచ్చు అంటున్నారు. సెమిస్టర్ మధ్యలో అలా మారినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.