అప్‌డేట్: మక్కబీ సైన్యంలో గుర్రాలు పెట్టాలా?

బొమ్మ సైనికుల యుద్ధ ఆట కోసం, సెల్యూసిడ్ రాజుల (సిరియాను ఏలిన గ్రీకు వంశం) మీద తిరగబడిన యూదు నాయకుడు జూడా మక్కబీ సైన్యాన్ని 12 స్టాండ్లతో (బొమ్మల గుంపును నిలిపే పలకలు) కడితే అశ్వికదళం, కిరాయి సైనికులు పెట్టొచ్చా, డాళ్ల మీద ఆరు కోణాల నక్షత్రం వేయొచ్చా అని అడిగాను కదా. చూసిన ఆధారాలతో తేలింది ఇదీ.

అసలు చిక్కు వేర్వేరు కాలాల సైన్యాలను ఒకటిగా కలిపేయడంలో ఉంది. క్రీ.పూ. 165 ప్రాంతంలో ఎమ్మాయుస్ దగ్గర జూడా వెంట 3,000 మంది. కావలసినన్ని కవచాలు, కత్తులు లేవని ఆ తిరుగుబాటు కథ చెప్పే పాత గ్రంథం, మక్కబీయుల మొదటి గ్రంథమే చెబుతుంది. కాబట్టి 8 స్టాండ్లు ఈటె-డాలు పదాతిదళం, 4 వడిసెలవాళ్లు, గుర్రాలు సున్నా. కొల్లగొట్టిన సెల్యూసిడ్ కత్తులు ఇద్దరు ముగ్గురికి తగిలించండి, బాగుంటుంది (ఓడిన శత్రు సేనాని అపొల్లోనియస్ కత్తిని జూడాయే వాడాడు). సరిస్సాలు (గ్రీకు పదాతిదళం బారులు తీరి పట్టే చాలా పొడవాటి ఈటెలు) మాత్రం వద్దు. డ్రిల్లు లేకుండా ఆ వ్యూహం నిలవదు.

గుర్రాలు కావాలంటే జూడా తర్వాత నాయకుడైన అతని అన్న సీమోను కాలానికి రండి. సెల్యూసిడ్ సేనాని కెందెబెయుస్ మీద యుద్ధంలో శత్రువుకు గుర్రాలు ఎక్కువని, యూదు అశ్వికదళాన్ని పదాతిదళం మధ్యలో నిలిపారు. బోర్డు మీద సైన్యం రెండు చివర్లలో పెడితే వాళ్లు ఇట్టే చెదిరిపోతారు.

కిరాయివాళ్లు సీమోను కొడుకు హిర్కానస్‌తో మొదలు. హిర్కానస్ కొడుకు, రాజు అలెగ్జాండర్ యన్నాయుస్ పిసిడియా, కిలికియా (ఇప్పటి దక్షిణ టర్కీ) వాళ్లను పెట్టుకున్నాడు, సిరియన్లను దూరంగా ఉంచాడు. సెల్యూసిడ్ రాజు డెమెట్రియస్‌తో పోరులో యన్నాయుస్ కిరాయివాళ్లు 6,200 అని యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఒకచోట, 1,000 గుర్రాలు, 8,000 కాలిబంటులని ఇంకోచోట రాశాడు. ఏ లెక్క తీసుకున్నా 12లో 3 స్టాండ్లు ఎక్కువేం కాదు.

ఆరు కోణాల నక్షత్రం యూదుల గుర్తు అయ్యింది చాలా శతాబ్దాల తర్వాత. సాదా తోలు రంగే వేస్తున్నాను. గుర్తు ఉండాల్సిందే అంటే యన్నాయుస్ నాణేల మీది లంగరు వేసుకోండి, కానీ అది డాళ్ల మీద ఉందనడానికి ఆధారం కాదు.